ఒక చెవికి రెండు ఆంప్లిఫయర్లు

జనవరి 6

ఒరేయ్ తమ్ముడూ,

ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టబోయాను. తీరా చూస్తే ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్నే, అందులోనూ ఎడమ చెవి కులాసాగా లేదు. కాబట్టి మిగతా అక్క కులాసా అనుకో.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతున్నావు కదూ? ఫోన్లో నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వవు. నోరు తెరిచేలోపు "అది కాదక్కా" అని దూరతావు. కాగితం మీద ఎంత గింజుకున్నా దూరలేవు. అందుకని ఇకనుంచి ముఖ్యమైన సంగతులన్నీ ఇలాగే.

ఆర్కెస్ట్రాలోంచి నన్ను తీసేశారు. తీసేశామని ఎవరూ అనలేదులే. మా ఆర్కెస్ట్రా నడిపే మాస్టారు, మేం వాయించే హోటల్ వెనక మెట్ల మీద నిలబడి, తన బూటు తాళ్ళవైపు చూసుకుంటూ, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమ్మా" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. ఆగస్టులో చెవి పోయినప్పటినుంచీ డ్రమ్ములు నాకు అందడం లేదు. డ్రమ్ములాయన కూర్చునేది నా ఎడమవైపే. మొన్నొక రోజు అందరూ పాట ఆపేశాక నేనొక్కదాన్నే గిటారు మీద ఇంకో వరస వాయించాను. అదేదో ప్రత్యేకమనుకుని భోజనాల దగ్గరున్నవాళ్ళు చప్పట్లు కూడా కొట్టారు. మాస్టారికి తెలుసు, నాకూ తెలుసు. కానీ విశ్రాంతి అన్నాడు చూడు, ఆ మాటకి ఒళ్ళు మండింది.

ఆ మంటలోనే వెళ్ళి ఇంకో ఆంప్లిఫయర్ తెచ్చుకున్నాను. మైకుసెట్లు అద్దెకిచ్చే ముసలాయన కొట్టు ఎత్తేస్తున్నాడు. పెట్టె పైన తోలు చిరిగింది గానీ లోపల గుండె గట్టిదే. నాదీ, అదీ ముందుగదిలో చెరో మూలా పెట్టాను. కాలి దగ్గర పెట్టుకునే నా ఎకో పెడల్‌కి బయటికి రెండు దారులున్నాయి. ఒక దారిన గిటారు ఉన్నదున్నట్టు కుడి ఆంప్‌కి పోతుంది. రెండో దారిన, దాని వెనకే వచ్చే ప్రతిధ్వని ఎడమ ఆంప్‌కి పోతుంది. మధ్యలో కూర్చున్నవాళ్ళకి పాట ఈ గోడనుంచి ఆ గోడకి నడిచి వెళ్ళినట్టుంటుంది. ఏళ్ళ తరబడి ఇది నా కోరికని నీకు తెలుసు. పెద్ద ఇల్లు దొరకనీ, పని తగ్గనీ అనుకుంటూ తోసుకొచ్చాను. ఇంక తొయ్యను.

చిక్కల్లా ఒకటే. దేనికది విడిగా పెడితే రెండూ బుద్ధిగా ఉంటాయి. కలిపేసరికి తేనెతుట్టె కదిపినట్టు గుంయ్‌మని ఒకటే రొద. బేస్ గిటారు వాయించే బక్కాయన చూసి, "ఒకదాని ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేస్తే సరి, అందరం చేసేదే" అన్నాడు. నువ్వు రోజూ లిఫ్టుల కరెంటుతో కుస్తీపట్టేవాడివి కదా, ఏమంటావు?

మరదలిని అడిగానని చెప్పు. 

నీ అక్క

జనవరి 13

అక్కా,

నీ ఉత్తరం పనిలో ఉండగా వచ్చింది. లిఫ్టు గుంతలో నిలబడి టార్చి వెలుగులో చదివాను. 

ఎర్త్ పిన్ను పీకకు. పీకేసి ఉంటే ఈ కాగితం కింద పెట్టి, ముందు మెయిన్ ఆపు. లోపల ఎప్పుడైనా ఒక వైరు ఊడి రేకుకి తగిలితే, ఆ కరెంటు భూమిలోకి పోవడానికే ఆ పిన్ను. అది లేకపోతే గిటారు తీగల్లోంచి నీ చేతుల్లోకి వస్తుంది. మా దగ్గర ఒకతను ఇలాగే "అందరం చేసేదే" అని చేశాడు. ఇప్పటికీ ఆ చేత్తో గ్లాసు పట్టుకోలేడు.

రొద ఎందుకంటే, రెండు ఆంప్‌లూ గోడ ప్లగ్గుల దగ్గర ఒకసారి, నీ పెడల్ వైర్ల దగ్గర మరోసారి ఎర్త్‌కి కలుస్తున్నాయి. ఆ చుట్టులో తిరిగే కరెంటే నీ తేనెతుట్టె. చుట్టుని పెడల్ వైరు దగ్గర తెంపాలి, ప్లగ్గు దగ్గర కాదు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన డబ్బా ఒకటి మధ్యలో తగిలిస్తే పోతుంది. అది నాకు అరపూట పని. కానీ చేసివ్వను.

ఎందుకో కోప్పడకుండా విను. ఒక చెవికి రెండు ఆంప్లిఫయర్లు దేనికక్కా? మధ్యలో కూర్చున్నవాళ్ళకి అలా ఉంటుంది, ఇలా ఉంటుంది అని రాశావు. ఆ గదిలో మధ్యలో కూర్చునేది నువ్వే కదా? నీకు అంతా ఒకే పక్కనుంచి కదా వినపడేది? ఉన్న చెవిని జాగ్రత్తగా చూసుకోమని డాక్టరు చెప్పలేదూ? కళ్ళజోళ్ళ దుకాణంలో పొద్దంతా నిలబడతావు. సాయంత్రమైతే ఒక్కదానివే ఈ రొదలో కూర్చుంటావు. ఇక్కడికి వచ్చెయ్యి. మేడమీద గది ఖాళీగా ఉంది. ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అవుతోంది.

ఇంకో సంగతి. నువ్వు "ఏమంటావు" అని అడిగేది పని అయిపోయాకే. పెళ్ళి వద్దన్నప్పుడూ అంతే, వాళ్ళకి చెప్పేసి వచ్చి అమ్మని అడిగావు. పిన్ను పీకేసే ఉంటావని భయమేసి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మీద ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. ఇంక ఆగలేక మీ ఓనరమ్మకి ఫోన్ చేసి, నీ వాటాకి కరెంటు తీసెయ్యమన్నాను.

తమ్ముడు

జనవరి 16

శంఖం ఊదే తమ్ముడికి,

ఊదావు, వినపడింది. చెవిటివాడని ఎవర్ని అన్నావో కూడా తెలిసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను కుడి చెవి దిండుకి ఆనించుకుని పడుకున్నాను. అలా పడుకుంటే నాకు లోకం లేదు. ఫోన్ మోగినా తెలీదు, తలుపు బాదినా తెలీదు. లేచేసరికి కరెంటు లేదు. ఓనరమ్మ తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని, ముందుగది మధ్యలో నిలబడి ఉంది. ఒకప్పుడు బడికి హెడ్మాస్టరమ్మ కదా, నన్ను కూడా ఆలస్యంగా వచ్చిన పిల్లని చూసినట్టే చూసింది.

"మీ తమ్ముడు కంగారుపడుతున్నాడు, నువ్వు కరెంటుతో ఏదో చేసుకుంటున్నావట" అంది.

"ఏమీ చేసుకోవట్లేదండీ. గిటారు వాయించుకుంటున్నాను."

"ఒకటుండేది కదా, ఓర్చుకున్నాం. ఈ రెండోదేమిటి?"

"స్టీరియో అండీ."

"నీకు ఒక చెవి వినపడదు కదమ్మా!"

చూశావా, నువ్వూ ఆవిడా ఒకే పాఠం. చివరికి ఒకటి ఉంచుకుని రెండోది పంపించెయ్యమంది. రెండూ ఉంటాయన్నాను. అలాగైతే ఇల్లు చూసుకోమంది. చూసుకుంటానన్నాను. మాటామాటా అంతే, గొంతులు కూడా లేవలేదు. పదకొండేళ్ళ కాపురం ఒక్క నిమిషంలో తేలిపోయింది.

పిన్ను పీకలేదురా. బక్కాయన పీకమన్నాడని రాశాను, పీకానని రాయలేదు. మళ్ళీ చదువుకో.

ఇక నువ్వడిగిన దానికి జవాబు. మా దుకాణానికి ఒక కన్ను కనపడనివాళ్ళు కూడా వస్తారు. వాళ్ళకి ఒకే అద్దమున్న ఫ్రేము ఇస్తామా? రెండో అద్దం దేనికండీ, మీకు దండగ కదా అంటామా? రెండూ పెట్టి, రెండూ ఒకేలా తుడిచి, ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూసి మరీ పంపిస్తాం. ఆగస్టుకి ముందు ఈ రెండో ఆంప్ తెచ్చుకుని ఉంటే దేనికని నువ్వు అడిగేవాడివి కాదు. "భలే అక్కా" అనేవాడివి. చెవి పోయిందని నా గిటారు సగానికి కుంచించుకోవాలా? నాకు వినపడనిది నేను చెయ్యకూడదని ఎక్కడ రాసి ఉంది?

డబ్బా చేసివ్వనన్నావు. వద్దులే. ఈ ఊళ్ళో చేసేవాళ్ళు లేకపోతే నేనే నేర్చుకుంటాను.

నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేస్తున్నాను. సామాను సగం సర్దేశాను కూడా. సంతోషమేనా?

ఎవరి మాటా వినని అక్క

జనవరి 22

అక్కా,

ఆ సామెత అలవాటులో పడిపోయింది. రాసినప్పుడు తట్టలేదు. నీ ఉత్తరం చదివాక సిగ్గేసింది. నీ మరదలైతే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఓనరమ్మ సంగతి కూడా తప్పు నాదే. కరెంటు తీయించాలనుకున్నాను గానీ, ఇల్లు తీయించాలని కాదు.

డబ్బా చేశాను. ఈ ఉత్తరంతోపాటే పార్సిల్లో వస్తుంది. ఇక్కడికి వచ్చాక ఇద్దామనుకున్నాను గానీ, "ముందే పంపించండి, లేకపోతే వదిన మిమ్మల్ని నమ్మరు" అంది నీ మరదలు. ఎడమ ఆంప్‌కి పోయే వైరు మధ్యలో తగిలించు. రొద ఆగకపోతే నన్ను లిఫ్టు మెకానిక్ అనకు. పక్కన చిన్న మీట ఉంది, అదెందుకో వాయిస్తే నీకే తెలుస్తుంది.

ఇల్లు ఖాళీ చేసి వస్తున్నందుకు సంతోషమేనా అని అడిగావు. సంతోషమే. ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాను. మేడమీద గదికి సున్నం వేయించాను. నీకు ఇష్టమని కిటికీకి ఆకుపచ్చ రంగు కొట్టించాను. నీ మరదలు తన కుట్టుమిషను కిందికి దింపేసింది. ఆంప్‌లు రెండూ తెచ్చుకో, నేనేమీ అనను. గది కొంచెం ఇరుకు కాబట్టి ఒకటి మేడమీద పెట్టుకుని, రెండోది కింద సామాన్ల గదిలో పెడదాం. నెలాఖరు ఆదివారం పొద్దున్నించీ బస్టాండులో ఉంటాను. ఏ బస్సో రాయకపోయినా ఫరవాలేదు.

తమ్ముడు

ఫిబ్రవరి 3

తమ్ముడూ,

బస్టాండులో ఎంతసేపు నిలబడ్డావురా? నేను ఖాళీ చేస్తున్నానన్నాను గానీ, మీ ఇంటికి వస్తున్నానని అనలేదు. నీ ఉత్తరం పాత ఇంటికి పోయి, ఓనరమ్మ అక్కడే పెట్టేసి, సోమవారం గానీ నా చేతికి రాలేదు. అప్పుడు ఫోన్ చేస్తే నీ మరదలు ఎత్తి, "ఆయన ఇంకా కోపంగా ఉన్నారు వదినా" అంది. ఆకుపచ్చ కిటికీ సంగతి చదివి నాకు ఏడుపొచ్చింది. ఆ మాట కూడా చెప్పకుండా ఉండలేను. కానీ రాను.

ఎక్కడున్నానో విను. కింద వడ్రంగి షెడ్డు, పైన నేను. ఒకే ఒక్క పెద్ద గది, రేకుల కప్పు, ఒక మూల వంటకి గట్టు. పొద్దంతా కింద రంపం, చిత్రికపట్టే మిషను. నేను దుకాణంలో ఉంటాను కాబట్టి నాకేం పట్టదు. నేను వచ్చేసరికి వాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళిపోతుంటారు. గది చూడ్డానికి వచ్చినప్పుడే మేస్త్రికి ఉన్నమాట చెప్పాను, "నాకు రెండు ఆంప్లిఫయర్లున్నాయి, గోల ఉంటుంది" అని. ఆయన రంపం ఆపి నా మొహం చూసి, "గోల మాకు చెప్తున్నారా అమ్మా?" అన్నాడు. అలా కుదిరింది.

నీ డబ్బా తగిలించాను. రొద ఠక్కున ఆగింది. ఆంప్‌లు ఆరిపోయాయేమోనని వంగి దీపాలు చూశాను. వెలుగుతూనే ఉన్నాయి. నిన్ను మెకానిక్ అనే అంటాను.

కానీ ఎకో ఆపి, ఒకే స్వరం రెండింటికీ పంపి చూస్తే ఇంకో తంటా వచ్చింది. రెండూ కలిస్తే గొంతు లావవ్వాలి కదా, ఉల్టాగా పల్చబడిపోయింది. లావు తీగలు ఎవరో కడిగేసినట్టు మాయం. ఒక్కదాన్ని ఆపితే వచ్చేస్తున్నాయి. చాలాసేపు తల పట్టుకున్నాక నీ మీట గుర్తొచ్చి, ఇటుది అటు వేశాను. నేల అదిరింది. ఒక ఆంప్ తోస్తుంటే రెండోది లాగుతోందన్నమాట ఇంతసేపూ. మన ఇద్దరిలాగే. ఇప్పుడు రెండూ ఒకేసారి తోస్తున్నాయి.

ఎడమ దాన్ని సర్దడానికి దాని ముందు కూర్చుని, కుడి చెవి దానికి అప్పగిస్తాను. తర్వాత లేచి అవతలిదాని ముందు కూర్చుంటాను. రెండూ కలిపి ఎలా ఉందో నాకు ఎప్పటికీ తెలీదు. నిజమే. దానికోసం ఏడుస్తూ కూర్చునేకంటే వాయించడం మేలు.

అన్నట్టు మాస్టారు వచ్చాడు. మెట్లెక్కి ఆయాసపడుతూ, "నీ చోట పెట్టిన కొత్త కుర్రాడికి నీ చెయ్యి లేదమ్మా, వచ్చెయ్" అన్నాడు. డ్రమ్ములు నా కుడి చెవివైపు పడేలా ఎడమ చివర స్టూలు వేస్తాడట. ఒక్క ఆంప్, అదీ చిన్నది. పాటలు ఎత్తుకోవడం ఆ కుర్రాడిది, వెనకనుంచి తాళానికి తీగలు మీటడం నాది. "నీకు ఇబ్బంది ఉండకూడదని" అన్నాడు. వాయిస్తే నా పాటలు నేనే ఎత్తుకుంటాను, రెండు ఆంప్‌లతో ఎత్తుకుంటాను, వినాలనుంటే పదిహేనో తారీకు శనివారం సాయంత్రం ఇక్కడికే రండి అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా శనివారం వాయించబోతున్నానని నాకూ తెలీదు. ఇప్పుడింక తప్పదు. మేస్త్రి బల్లలు జరిపించి కింద షెడ్డులో చోటిస్తానన్నాడు. ఆంప్‌లు కిందికి దింపాలి.

నువ్వూ రా.

అక్క

ఫిబ్రవరి 9

అక్కా,

ఆ ఆదివారం మొదటి బస్సునుంచి ఆఖరి బస్సుదాకా నిలబడ్డాను. దిగిన ప్రతి ఆడమనిషి మొహంలోకి చూస్తుంటే ఒకావిడ నన్ను తిట్టింది. సరే, అది పోనీ.

మాస్టారు మెట్లెక్కి వచ్చి పిలిస్తే కాదన్నావా? నిన్ను కావాలనుకున్నవాళ్ళని ఒక్కొక్కళ్ళనే పంపించేస్తున్నావు. ఓనరమ్మ అయింది, నేనయ్యాను, ఇప్పుడాయన. చివరికి ఆ రెండు పెట్టెలూ నువ్వూ మిగులుతారు. దీన్ని ధైర్యం అనరక్కా, పంతం అంటారు. శనివారం ఎవరూ రాకపోతే? వచ్చినవాళ్ళు జాలిపడి చప్పట్లు కొడితే? అది చూడ్డానికి నేను రాలేను.

మేడమీద గది అలాగే ఉంది. నీ మరదలు కుట్టుమిషను మళ్ళీ పైకి ఎక్కించనివ్వడం లేదు.

తమ్ముడు

ఫిబ్రవరి 17

తమ్ముడూ,

రానన్నావు. మరి తలుపు పక్కన, చెక్క పలకలు నిలబెట్టిన చోట, టోపీ మొహం మీదికి లాక్కుని నిలబడ్డదెవరు? నాకు పోయింది చెవిరా, కన్ను కాదు. కళ్ళజోళ్ళు పెట్టే మనిషిని. నువ్వు కాస్త ఎడమ భుజం వంచి నిలబడతావు, వీధి చివరనుంచి కూడా గుర్తుపడతాను.

ఆఖరి పాట అయ్యాక చూస్తే లేవు. జనం మధ్యలోంచి నేను వచ్చేసరికి రోడ్డు మీద కూడా లేవు. కోపమొచ్చి వెళ్ళావో, ఏడుపొచ్చి వెళ్ళావో అడగను. మాస్టారు బాగుందన్నాడు. బక్కాయన బాగుందన్నాడు. మేస్త్రి వాళ్ళావిడ బాగుందంది. అందరూ బాగుందనేవాళ్ళే, ఒక్కళ్ళూ ఎలా ఉందో చెప్పరు.

నువ్వు చెప్పు. ఎడమనుంచి ఏం వినపడింది? ఫోన్లో వద్దు. రాయి. జాలిపడి రాసేటట్టయితే కాగితం దండగ చెయ్యకు.

అక్క

ఫిబ్రవరి 22

అక్కా,

నేనే. ఉన్నమాట చెప్తాను, నిన్ను తీసుకెళ్ళిపోదామని వచ్చాను. ఎవరూ రాకపోతే ఆ పూటే సామాను కట్టించాలనుకున్నాను. షెడ్డు నిండిపోయి నిలబడాల్సి వచ్చింది. ఏం చెయ్యాలో తోచక టోపీ లాక్కున్నాను.

ఎడమనుంచి ఏం వినపడిందో రాస్తున్నాను.

మొదటి పాటలో నీ వేళ్ళు తీగల మీద జారే చప్పుడు కుడిపక్కనుంచి వచ్చింది. స్వరమూ అక్కడినుంచే మొదలైంది. అది తగ్గేలోపు ఎడమనుంచి ఇంకోటి లేచింది. అదే స్వరం, కానీ వేళ్ళ చప్పుడు లేదు, అంచులు అరిగిపోయి మెత్తగా ఉంది. నీ వయసున్న ఒకావిడ నా ముందు కూర్చుంది. అక్కడ రెండోవాళ్ళెవరు వాయిస్తున్నారా అని మెడ సాచి ఎడమవైపు వెతికింది. ఎవరూ లేరు, ఒట్టి పెట్టె. రెండో పాటలో మీ మాస్టారు కుర్చీ చప్పుడు కాకుండా ఎత్తుకుని పక్కకి జరిగి, సరిగ్గా నడి మధ్యలో వేసుకున్నాడు. తర్వాత కదల్లేదు.

ఆ నెమ్మది పాట ఉంది చూడు, అమ్మ చనిపోయిన ఏడాది నువ్వు కట్టింది. అందులో నువ్వు వాయించడం ఆపేసి చెయ్యి తీసేశాక కూడా ఎడమవైపు కాసేపు నడిచింది. నీ మొహం చూశాను. అది ఇంకా వినపడుతోందని నీకు తెలీదేమో అనుకున్నాను. కానీ అది పూర్తిగా ఆగేదాకా నువ్వు తల ఎత్తలేదు. ఎంతసేపు ఉంటుందో నీకు తెలుసు. అక్కడ నాకు నిలబడడం చేతకాలేదు. అందుకే వెళ్ళిపోయాను. జాలి కాదు, ఒట్టు. 

ఇంకొక్క సంగతి. జాలిపడొద్దన్నావు కాబట్టి చెప్తున్నాను. ఎడమది ఎక్కువైంది. కొంచెం కాదు, బాగానే ఎక్కువైంది. కుడివైపు కూర్చున్నవాళ్ళకి కూడా ఎడమదే ముందు తగిలింది. నీకు వినపడదు కాబట్టి తెలిసి ఉండదు. వచ్చే నెల మళ్ళీ వాయిస్తావని తలుపు దగ్గర మేస్త్రి చెప్పాడు. ముందురోజు వచ్చి నేను సర్దిపెడతాను.

నీ మరదలు కూడా వస్తానంటోంది. కుట్టుమిషను పైకి ఎక్కించేశాం.

తమ్ముడు

ఫిబ్రవరి 26

ఒరేయ్ తమ్ముడూ,

మొదటిసారి నా మాట మధ్యలో దూరకుండా ఒక ఉత్తరం రాశావు. రెండుసార్లు చదివాను. దుకాణంలో ఒకసారి, ఇంటికొచ్చి ఒకసారి.

ఇద్దరూ రండి. గదిలో చోటుంది. ఆంప్‌లు మెట్ల మీదనుంచి దింపడానికి మనుషులు కూడా కావాలి. వైర్లు చూడు, ప్లగ్గులు చూడు, నీ ఇష్టం. ఎడమ ఆంప్ జోలికి మాత్రం రాకు.

అది ఎక్కువైందని నాకు తెలుసు. దాని ముందు నా మంచి చెవి పెట్టుకుని గంటలు గంటలు కూర్చున్నదాన్ని, నాకు తెలీదూ? కావాలనే పెంచాను. ఆ మనిషికి ఎడమ చెవి లేదు కదా, పాపం ఆ పక్క కాస్త తగ్గింది అని ఆ షెడ్డులో ఒక్కళ్ళు కూడా అనుకోకూడదు.

తగ్గించను.

అక్క